నీళ్ళ పొయ్యి కరెంటు

ఫిబ్రవరి 16, 2025, ఆదివారం. పుట్టపర్తి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొనుక్కొచ్చిన పెల్టియర్ ప్లేట్లు ఈరోజు తీరిగ్గా చూసినాను. నాలుగు సెంటీమీటర్ల చదరం, నాలుగు మిల్లీమీటర్ల మందం. రెండు వైపులా తెల్లని పింగాణీ, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. మీద టీఈసీ1-12706 అని ముద్ర. 127 అంటే లోపలున్న జతలు, చివరి 6 అంటే అది తట్టుకోగల ఆంపియర్లు. ఒక్కోటి రెండు వందల రూపాయల లోపే.

కార్లలో పెట్టుకునే చిన్న కూల్‌బాక్సుల్లో ఉండేది ఇదే. కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడుతుంది, రెండోది వేడెక్కుతుంది. 1834లో ఫ్రాన్సులో పెల్టియర్ గమనించిన సంగతి ఇది. నాకు కావలసింది దీనికి తలకిందుల పని. ఒక ముఖాన్ని వేడి చేసి, రెండోదాన్ని చల్లగా ఉంచితే వైర్లలో కరెంటు పుట్టాల. అది పెల్టియర్ కంటే ముందే, 1821లో, సీబెక్ కంటబడింది. రెండు లోహాలను కలిపి చేసిన చట్రంలో ఒక అతుకును వేడి చేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడి వల్ల అయస్కాంతం పుట్టిందని సీబెక్ అనుకున్నాడు. ఆ చట్రంలో కరెంటు పారుతోందని తేల్చి చెప్పింది అర్‌స్టెడ్.

ఈ ప్లేట్ల లోపల లోహాలకు బదులు బిస్మత్ టెల్యూరైడ్ గింజల జతలున్నాయి. ఇంగ్లండులో గోల్డ్‌స్మిడ్ 1954లో ఈ పదార్థం సంగతి బయటపెట్టినాడు. ఏడు దశాబ్దాలైనా మన గది వేడిమి దగ్గర పనికి దీన్ని మించింది బజారులోకి రాలేదు.

పెరట్లో అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే నీళ్ళ పొయ్యి వెలిగిస్తుంది. కంపకట్టెలు, శెనక్కాయ పొట్టు. కాగు కింద పోతున్న ఆ వేడిలో చిటికెడు తీసుకుని ఒక లైటు, ఒక రేడియో నడపాలని నా ఆశ. కరెంటు పోయినప్పుడు ఆ చీకట్లో అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని నడవడం చూసినప్పటి నుంచి ఇది మనసులో ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ప్లేటును నేరుగా మంటలో పెట్టకూడదు. లోపలి అతుకుల టంకం 138 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అందుకని పొయ్యి అంచున మంట తగలని చోట ఒక అల్యూమినియం దిమ్మె పెట్టి, దాని మీద ప్లేటు, ప్లేటు మీద పాత కంప్యూటర్లో నుంచి ఊడదీసిన హీట్‌సింకు పెట్టినాను. మధ్యలో తెల్ల పేస్టు పలచగా పూసినాను. పింగాణీకి లోహానికి నడుమ వెంట్రుకవాసి గాలి మిగిలినా వేడి అక్కడే ఆగిపోతుంది.

దిమ్మె 115 డిగ్రీలకు వచ్చేసరికి మీటరు 2.8 వోల్టులు చూపించింది. మా పాప చప్పట్లు కొట్టింది. పది నిమిషాలకు అదే మీటరు 1.3కు దిగింది. మంట తగ్గలేదు, దిమ్మె అదే 115 మీద ఉంది. మారిందల్లా పైనున్న హీట్‌సింకు. అది 85 డిగ్రీలకు ఎక్కి కూర్చుంది.

పాపకు చూపించాలని అనుకున్నది ఇదే. బుక్కపట్నం చెరువు ఎంత నిండుగా ఉన్నా తూముకు అవతల పొలం పల్లంలో లేకపోతే నీరు పారదు. వేడి కూడా అంతే, దిగడానికి ఒక చల్లని చోటు కావాల. ఆ దిగే దారిలో ప్లేటు పెడితే, పోయే వేడిలో నుంచి మనకు కొంచెం కరెంటు దక్కుతుంది. ఈ ప్లేటుకు లెక్క కూడా సులువే. రెండు ముఖాల నడుమ ఒక్కో డిగ్రీ తేడాకు 0.05 వోల్టు. దిమ్మెకూ పైదానికీ నడుమ ఉన్న తేడాలో కొంత పేస్టు పూసిన చోట్లే పోతుంది.

మార్చి 5

బడిలో పదో తరగతికి రివిజన్ చెప్పినాను. ఓమ్ సూత్రం. ఏటా చెప్పేదే అయినా ఈసారి నాకే కొత్తగా ఉంది.

ఓమ్ ఆ ప్రయోగాలకు మొదట వోల్టా ఘటాలు వాడి విసిగిపోయినాడు. వాటి వోల్టేజి నిమిషనిమిషానికి మారిపోతుండేది. పోగెన్‌డార్ఫ్ సలహా మీద వాటిని పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిపిన జత తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్ళలో, రెండోది మంచులో. మరిగే నీళ్ళూ కరిగే మంచూ తమ ఉష్ణోగ్రత మార్చుకోవు కాబట్టి తేడా మారదు, తేడా మారకపోతే వోల్టేజి మారదు. అంత నిలకడైన కరెంటు చేతిలో ఉండబట్టే తీగ పొడవు పెంచితే కరెంటు ఎంత తగ్గుతుందో ఆయన కొలవగలిగినాడు. మన పాఠ్యపుస్తకాల్లో బ్యాటరీ బొమ్మ వేసి చెప్పే సూత్రం నిజానికి వేడినీళ్ళ గిన్నె దగ్గర పుట్టింది.

ఈ మాట చెప్పగానే వెనక బెంచీ పిల్లోడొకడు లేచి, "సార్, అట్లయితే మంచు కరిగిపోతే ఓమ్ సూత్రం ఆగిపోతుందా?" అన్నాడు. ప్రశ్నకు విలువుంది. సూత్రం ఆగదు, కరెంటు ఆగుతుంది. ఆ రెండూ వేరని వాడికి బోర్డు మీద వేసి చూపించేసరికి గంట కొట్టినారు. ఆ పిల్లోణ్ణి ఒక ఆదివారం ఇంటికి పిలవాల.

మార్చి 9, ఆదివారం

హీట్‌సింకు తీసేసినాను. ప్లేటు మీద నేరుగా అడుగు చదునుగా ఉన్న సత్తు గిన్నె, అందులో ఐదు లీటర్ల బోరు నీళ్ళు.

ఈ పద్ధతి నాది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనల వెనక అడవుల్లో పోరాడిన సోవియట్ గెరిల్లాల దగ్గర అచ్చం ఇట్లాంటి వంటపాత్ర ఉండేది. కింద నెగడు, పైన పాత్రలో నీళ్ళు, పాత్ర అడుగున లోహపు జతలు. నీళ్ళు ఎంత మరిగినా వంద డిగ్రీలు దాటవు కాబట్టి మంటకూ నీటికీ నడుమ తేడా నిలబడుతుంది. వాళ్ళ వైర్‌లెస్ సెట్లు దాంతో నడిచినాయి. దాని వెనక లెనిన్‌గ్రాడు శాస్త్రవేత్త అయోఫె పరిశోధన ఉంది. యుద్ధం అయినాక 1950ల్లో అదే దేశంలో కరెంటు లేని పల్లెల కోసం కిరోసిన్ దీపం చిమ్నీ చుట్టూ జతలు, వాటి చుట్టూ రేకుల రెక్కలు బిగించి అమ్మినారు. దీపం వెలుతురిస్తుంది, దాని వేడి రేడియో మోగిస్తుంది. ఆ దీపం ఫొటో చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది. పల్లెలో ఒక ఇంటికి లోకం మాట వినిపించాలని ఎవరో ఇంత శ్రద్ధగా ఆలోచించినారు కదా.

ఈ ఉదయం అంకెలు: దిమ్మె 110, నీళ్ళు 35తో మొదలు. వైర్లు ఖాళీగా ఉన్నప్పుడు 2.6 వోల్టులు. ప్లేటు లోపలి నిరోధం రెండు ఓములు కాబట్టి బయట కూడా రెండు ఓములే పెడితే వోల్టేజి సగమవుతుంది, అప్పుడే ఎక్కువ శక్తి దక్కుతుంది. 1.3 వోల్టులు, 0.6 ఆంపియరు పైన. ముప్పాతిక వాట్ అనుకోవచ్చు. దాన్ని 5 వోల్టులకు పెంచే చిన్న బూస్టరు బోర్డుకు ఇస్తే నష్టాలు పోను అర వాట్ మిగిలింది.

అర వాట్! తెల్ల ఎల్‌ఈడీ పెరడంతా వెలిగించింది. దాన్ని ఆర్పి రేడియోకు కలిపితే అనంతపురం ఆకాశవాణి గరగర లేకుండా పలికింది.

అమ్మ కాగు మీద మూత తీసి చూసి, "ఏంటికిరా ఈ వైర్లన్నీ, నీళ్ళకు షాకు కొట్టదు కదా?" అన్నది. ఒకటిన్నర వోల్టుకు ఏమీ కాదని చెప్పి, వైర్లు రెండూ ఆమె చేతికే ఇచ్చినాను. పట్టుకుని చూసి, "ఏమీ ల్యా" అని తేల్చింది. తర్వాత రేడియో పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

అర వాట్ కోసం ప్లేటు గుండా దాదాపు నలభై వాట్ల వేడి దిగుతోంది. నూటికి రెండు పాళ్ళు కూడా కరెంటు కాలేదన్న మాట. మరి తక్కిన తొంభై ఎనిమిది? గిన్నెలో నీళ్ళను వెచ్చబెట్టినాయి. నలభై వాట్లు ఐదు లీటర్లను గంటకు ఏడు డిగ్రీలు పెంచుతాయి. ఆ నీళ్ళు అట్లే బానలో కలిపి పోసుకున్నాం. దేనికీ నష్టం లేదు. ఈ ప్లేటు సామర్థ్యం తక్కువని పుస్తకాలు తీసిపారేస్తాయి. వేడినీళ్ళు ఎట్లాగూ కావలసిన ఇంట్లో ఆ లెక్క వేరు.

మార్చి 12

పాత సీఎఫ్‌ఎల్ బల్బులు పగలగొట్టకుండా విప్పి ఫెర్రైట్ రింగులు తీసినాను. ఒక రింగు మీద రెండు తీగలు చుట్టి, ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు కలిపితే జూల్ థీఫ్ అనే సర్క్యూటవుతుంది. 0.6 వోల్టు దగ్గరే మేలుకుని, మూడు వోల్టులు కావలసిన ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. పొయ్యి ఆరిపోతున్నా చివరి నిప్పుల దాకా లైటు ఉండాలంటే ఇదే మేలు. రేడియోకు మాత్రం బూస్టరు బోర్డే.

మార్చి 31, సోమవారం. ధర్మవరం

రంజాన్ సెలవు. ఉగాదికి చెల్లెలింటికి వచ్చి రాత్రి ఆగిపోయినాం. బావ పట్టుకు రంగులద్దే పనివాడు. తెల్లవారకముందే గంగాళాల కింద మంట పెడతాడు. నాలుగున్నరకు నేనూ వెంట పోయినాను.

ముందు ముడిపట్టును సబ్బునీళ్ళలో ఉడకబెడతారు. దారం మీదున్న జిగురు, సెరిసిన్, ముడిపట్టు బరువులో దాదాపు పావు వంతు ఉంటుంది. అది పోతేగాని మెరుపు రాదు, రంగు పట్టదు. ఆ తర్వాత రంగు గంగాళం. కర్రలకు వేలాడదీసిన దారపు చుట్టలను కాగే రంగులో తిప్పుతూ ఉండాల. తిప్పడం ఆగితే మచ్చ పడుతుంది. తర్వాత చల్లనీళ్ళ తొట్టిలో జాడింపు.

అక్కడ నిలబడి చూస్తుంటే నెల రోజులుగా తలలో తిరుగుతున్నది కళ్ళ ముందుకొచ్చింది. 90 డిగ్రీల గంగాళం, దానికి రెండడుగుల దూరంలో చల్లనీళ్ళ తొట్టి. ఈ పనికి రెండూ కావాల, రోజూ కావాల, పక్కపక్కనే కావాల. వేడి ఎక్కడుందని వెతకడం మన సీమలో వృథా, అది ఎక్కడైనా ఉంది. వేడీ చల్లదనమూ రెండూ ఒకే చోట ఉండే వృత్తులు వెతకాల. రంగుల గది అట్లాంటిది. మా పెరట్లో బాన, బోరు నీళ్ళు అట్లాంటివి.

బావతో చెప్పినాను. ఆయన గంగాళంలో కర్ర తిప్పుతూనే, "లైటు సరే బావా, ఆ లైటుకు రంగు సరిగ్గా కనిపిస్తుందా? అరటాకు పచ్చ, చిలకపచ్చ రెండూ బల్బు కింద ఒకటే అయిపోతాయి. అందుకే తెల్లవారిందాకా చీర నమూనా పక్కన పెట్టి చూడను" అన్నాడు. ఇది నేను ఆలోచించని కోణం. మామూలు ఎల్‌ఈడీలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. రంగులు నిజంగా చూపించే రకం, సీఆర్‌ఐ 90 పైన ఉన్నవి, దొరుకుతాయి. గదంతా వెలిగించాల్సిన పని లేదు. జానెడు నమూనా మీద పడితే చాలు. దానికి అర వాట్ సరిపోతుంది.

తొట్టి చల్లదనాన్ని గంగాళం దాకా తేవడమెట్లా? రాగి పట్టీతో తేవచ్చని బావ అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించినాను. మూడు మిల్లీమీటర్ల మందం, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, జానెడు పొడవున్న రాగి పట్టీ గుండా ఇరవై వాట్లు పంపినా దాని రెండు కొసల నడుమే 80 డిగ్రీలు పోతాయి. రాగి ఎంత మంచి వాహకమైనా దూరం దాన్ని ఓడిస్తుంది. నీళ్ళనే నడిపించి తేవాల.

ఏప్రిల్ 2

నీళ్ళు నడిపించడానికి దారి మన చేలల్లోనే ఉంది! దానిమ్మ తోటకు వేసే డ్రిప్పు. ఒక డ్రిప్పరు గంటకు నాలుగు లీటర్లు వదులుతుంది. నలభై వాట్లు మోస్తే ఆ నీళ్ళు తొమ్మిది డిగ్రీల లోపే వెచ్చబడతాయి. అంటే 30 డిగ్రీలతో లోపలికి పోయినవి 39తో బయటికి వస్తాయి. చల్లని ముఖానికి అంతకంటే ఏం కావాల? మోటారు అక్కర్లేదు, ఎత్తు మీద బిందె ఉంటే చాలు. కంప్యూటర్లకు వాడే నాలుగు సెంటీమీటర్ల అల్యూమినియం వాటర్‌బ్లాకు సరిగ్గా ప్లేటంతే ఉంటుంది. దానికి డ్రిప్పు సన్న పైపు బిగిస్తే అయిపోయింది.

ఏప్రిల్ 14

అంబేడ్కర్ జయంతి. వరండాలో 40 డిగ్రీలు. పక్కింటి రేకుల కప్పు చెయ్యి పెట్టనివ్వదు. ప్లేటు ఒకటి ఆ రేకు మీద బోర్లించి అరగంట ఉంచితే మీటరులో సున్నా చుట్టూనే ముల్లు. రెండు ముఖాలూ సమంగా కాగిపోయినాయి.

అదే ప్లేటు పై ముఖానికి తడిగుడ్డ చుట్టగానే సగం వోల్టు దాటింది. మన ఎండాకాలపు గాలిలో తేమ లేదు కాబట్టి తడిగుడ్డ వాన ఊళ్ళలో కంటే ఎంతో చల్లబడుతుంది. ఒక గ్రాము నీళ్ళు ఆవిరి కావడానికి 2,400 జౌళ్ళు పీల్చుకుంటుంది. నలభై వాట్లు మోయాలంటే గంటకు 60 గ్రాములు, టీ గ్లాసులో సగం. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇది. సీమ గాలి పొడితనాన్ని ఎప్పుడూ కష్టంగానే తలుచుకుంటాం. ఈ ఒక్క పనిలో అది మనకు తోడు.

ఏప్రిల్ 27, ఆదివారం. అమావాస్య

రాత్రి మిద్దె మీద రాస్తున్నాను, టార్చి వెలుతురులో.

2019లో ఆశ్వత్ రామన్, ఆయన తోటివాళ్ళు అమెరికాలో ఒక మిద్దె మీద చేసిన ప్రయోగం చాలాకాలంగా చేసి చూడాలని ఉంది. నల్లరంగు పూసిన అల్యూమినియం పళ్ళెం ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. కింద మాత్రమే గాలి తగులుతుంది. పళ్ళెం తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేసి చుట్టూ గాలి కంటే చల్లబడుతుంది. కింది గాలి వెచ్చన, పై పళ్ళెం చల్లన, నడుమ ప్లేటు. ఆ కరెంటుతో వాళ్ళు ఒక ఎల్‌ఈడీ వెలిగించినారు. చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు. కొంచెమే, కానీ సూర్యుడు లేని వేళ, పొయ్యి లేని చోట.

మబ్బు, తేమ ఉంటే ఆ కిరణాలను వెనక్కి పంపుతాయి. ఈ రాత్రి రెండూ లేవు. చుక్కలు విచ్చుకుని ఉన్నాయి. పళ్ళేనికి చుట్టూ థర్మకోల్ పెట్టె, పైన గాలి తగలకుండా పలచని ప్లాస్టిక్ కవరు బిగించినాను. పదకొండు గంటలకు మీటరు 62 మిల్లీవోల్టులు. అంటే డిగ్రీ పైచిలుకు తేడా. జూల్ థీఫ్‌కు ఇది చాలదు. ఎల్‌టీసీ 3108 అనే చిప్పు 20 మిల్లీవోల్టుల దగ్గరే మేలుకుంటుంది. దాన్ని ఒక సూపర్ కెపాసిటరుకు కలిపినాను. మెల్లగా నిండుతోంది.

పాప పక్కనే పడుకుని, "ఆకాశం అంత చల్లగా ఉంటుందా నాన్నా?" అనడిగింది. వాయేజర్ సంగతి చెప్పినాను. 1977లో వెళ్ళిన ఆ రెండు నౌకల్లోనూ ఇట్లాంటి జతలే ఉన్నాయి. ఒక్కో నౌకకు మూడు జనరేటర్లు, మొదట్లో మొత్తం 470 వాట్ల దాకా ఇచ్చేవి. వేడి ప్లుటోనియం 238 నుంచి వస్తుంది. దాని అర్ధాయువు 87.7 ఏళ్ళు. చల్లదనం చుట్టూ ఉన్న శూన్యం ఇస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగేది లేదు. అందుకే ఇన్నేళ్ళకూ అవి మనతో మాట్లాడుతున్నాయి. పాప లెక్క వేసుకుని, "జేజి కంటే చిన్నవే" అన్నది.

పన్నెండున్నరకు కెపాసిటరు ఎల్‌ఈడీని ఒక్కసారి మినుక్కుమనిపించింది. ఆ తర్వాత ప్రతి కొద్ది నిమిషాలకూ.

మే 4, ఆదివారం. హిందూపురం

పట్టుగూళ్ళ మార్కెట్ పక్క వీధుల్లో స్నేహితుడి రీలింగ్ యూనిట్. ఉడికిన పట్టుపురుగుల వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. లోపల వరుసగా బేసిన్లు, ఒక్కో దాని ముందు ఒక అక్క. మరిగే నీళ్ళలో గూళ్ళు వేసి, పుల్లతో కదిపి, పోగు కొసలు పట్టుకుని, కొన్నింటిని కలిపి ఒక దారంగా తీస్తారు. ఒక్కో గూటిలో వందల మీటర్ల పోగు.

వాళ్ళ వేళ్ళు చూసినాను. చర్మం తెల్లబడి, పగిలి, అంచుల్లో పొక్కులు. నీళ్ళ వేడి వేలితోనే చూసుకుంటారు. ఒక అక్క వివరంగా చెప్పింది: "నీళ్ళు ఎక్కువ కాగితే గూడు మెత్తబడిపోయి పోగులన్నీ చిక్కుపడతాయి సార్. తక్కువైతే పోగు తెగుతూనే ఉంటుంది. రెండిట్లోనూ నష్టం మాదే."

నేను తీసుకుపోయింది చిన్న పెట్టె. బేసిన్ గోడకు ఆనించిన ప్లేటు, వెనక వాటర్‌బ్లాకు, నీళ్ళలోకి దిగే డీఎస్18బీ20 సెన్సారు, ఒక ఏటీటైనీ 85 చిప్పు, మూడు రంగుల ఎల్‌ఈడీలు. బ్యాటరీ లేదు. బేసిన్ కాగుతున్నంతసేపూ అది బతికి ఉంటుంది. బేసిన్‌లోకి అప్పుడప్పుడు చల్లనీళ్ళు పోయడం ఎట్లాగూ ఉంది. ఆ నీళ్ళే డ్రిప్పరు గుండా బ్లాకులోకి వచ్చి, కొంచెం వెచ్చబడి, బేసిన్‌లోకి పోతాయి. పోయిన వేడి మళ్ళీ బేసిన్‌కే చేరుతుంది.

ఈ సెన్సారు 85 డిగ్రీలు దాటినాక రెండు డిగ్రీల దాకా అటూఇటూ చూపించవచ్చు. అందుకని అక్కడే ఒక గిన్నెలో నీళ్ళు తెర్లబెట్టి సరిచూసినాను. హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. ఆ లెక్కకు దిద్దుకున్నాను.

వోల్టేజి 1.9. చిప్పుకు, లైట్లకు కావలసినదానికి ఎన్నో రెట్లు.

లైట్లు నేను అక్క వైపు పెట్టినాను. ఆమె కాసేపు చూసి, "ఇది నాకేం చెయ్యాల సార్? నా చేతులు పనిలో ఉంటాయి. నీళ్ళు కాగినాయో లేదో నాకు తెలుస్తానే ఉంది. పొయ్యి అవతల కట్టెలు వేసే పిల్లోడికి తెలీదు. వాడు మమ్మల్ని చూడడు, మేం అరిస్తే వినపడదు. ఆ పక్కకు తిప్పు" అన్నది. పొయ్యి నోరు గోడకు అవతల ఉంది. పొగ లోపలికి రాకుండా అట్ల కట్టినారు. ఎన్నాళ్ళుగానో ఈ గోడకు ఇవతలి నుంచి అరుస్తూనే ఉన్నారట.

వైర్లు పొడిగించి, లైట్లు గోడ బొక్కలో నుంచి అవతలికి తిప్పినాను. ఎరుపు: కట్టెలు తగ్గించు. పచ్చ: ఇట్లే ఉంచు. నీలం: ఇంకో కట్టె. హద్దులు నా పుస్తకంలో నుంచి పెట్టలేదు. అక్కలు ముగ్గురు తమ తమ బేసిన్ల దగ్గర "ఇప్పుడు బాగుంది" అన్నప్పుడల్లా సెన్సారు అంకె రాసుకుని, ఆ అంకెల నడుమ పెట్టినాను.

మే 18, ఆదివారం. హిందూపురం

పెట్టె పని చేస్తోంది. ప్లేటు, బేసిన్ నడుమ పేస్టు ఆవిరికి కొంచెం కరిగినట్టుంది. 1.9 ఉండాల్సింది 1.6 ఉంది. పేస్టుకు బదులు గ్రాఫైటు షీటు పెట్టినాను. వాటర్‌బ్లాకులో సున్నం పట్టడం మొదలైంది. బోరు నీళ్ళ ఉప్పు. నెలకోసారి నిమ్మకాయ రసం పోసి కడగమని స్నేహితుడికి చెప్పినాను.

అవతల కట్టెలు వేసే పిల్లోడు పదో తరగతి అయిపోయి పనికి చేరినవాడు. లైట్లు ఎట్ల వెలుగుతున్నాయని నన్ను అడగలేదు. తనే గోడ ఎక్కి పైపు వెంట చూసుకుంటూ పోయి, "నీళ్ళు ఆపేస్తే లైటు ఆరిపోతాంది సార్, మంట ఆపేసినా ఆరిపోతాంది. రెండూ ఉండాలన్న మాట" అని వచ్చి చెప్పినాడు. డ్రిప్పరు ఎనిమిది లీటర్లది పెడితే వోల్టేజి పెరుగుతుందేమో చూద్దామని కూడా అన్నాడు. కొంచెం పెరుగుతుంది, రెట్టింపు కాదు. ఎందుకు కాదో వాడికి ఒక ప్లేటు, ఒక మీటరు ఇచ్చి కొలవమన్నాను. మళ్ళీ వచ్చేసరికి అంకెలు రాసి పెడతానన్నాడు.

ఇక మిగిలినవి: మిగతా బేసిన్లకు పెట్టెలు. ధర్మవరం బావకు రంగు చూసే లైటు, సీఆర్‌ఐ 95ది బెంగళూరులో దొరుకుతుందని తెలిసింది. అమ్మ రేడియో స్పీకరు మార్చాల, గుంయ్ మంటోంది. బడి తెరిచినాక ఓమ్ ప్రయోగం పిల్లలతో, మరిగే నీళ్ళు, ఐస్ ముక్కలు, ఒక కే రకం థర్మోకపుల్ తీగ. దానికి డిగ్రీకి 41 మైక్రోవోల్టులే వస్తాయి, కాబట్టి మైక్రోవోల్టులు చదివే మీటరు ముందు చూసుకోవాల.